సాయిలు దిగిన పాతర

పాత ఇళ్ళను కాపాడాలని తిరిగే పిల్లలంటే నాకు మొదటినుంచీ కొంచెం భయం. మంచి పిల్లలే. సిద్దిపేట చుట్టుపక్కల కూలిపోతున్న గడీలను, బురుజులను, దిగుడు బావులను వెతికి పట్టుకుంటారు. పిచ్చిచెట్లు కొట్టించి, గోడలకు సున్నం వేయించి, ముందర ఒక బోర్డు పాతుతారు. దుబ్బాక దిక్కున గుంట మగ్గం చెక్కుచెదరకుండా ఉన్న ఒక నేతగాని ఇల్లు, ఇంకో ఊళ్ళో మోటబావితో సహా అట్లాగే నిలిచిన ఒక పాత పొలం కూడా వాళ్ళ పట్టికలో ఉన్నాయి. ఆదివారాలు హైదరాబాదు నుంచి జనం కార్లేసుకుని వచ్చి ఆ మోట గిలక పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. దిగనీ, నాకేం నష్టం? నా భయం వేరు. ఈ పిల్లలు ఊరికే సున్నం వేసి పోరు. మట్టి తోడుతారు, బండలు లేపుతారు, దీని కింద ఏముంది, దాని వెనక ఏముంది అని అడుగుతారు. అందుకే మిరుదొడ్డి దగ్గర మా ఊళ్ళో ఉన్న మా తాత ఇంటిని మా తమ్ముడు వాళ్ళ చేతికి అప్పగిస్తానన్నప్పుడు మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను గాని, పని మొదలయ్యాక ఒక్కసారి కూడా చూడబోలేదు. సిద్దిపేట నుంచి ముప్పావు గంట దారి. మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

మొన్న భాద్రపదంలో ఒకరోజు పొద్దున్నే ప్రవీణ్ ఫోన్ చేశాడు. ఆ పిల్లలందరికీ పెద్ద ఇతను. "మేడం, మీ వాకిట్ల ఒక పెద్ద బండ ఉండె గదా, గది లేపినం. కింద అంత బోలుగున్నది. సొరంగమో ఏందో సమజైతలేదు. మా పోరగాండ్లు ఇద్దరు టార్చి పట్టుకొని దిగుతమంటున్నరు" అన్నాడు హుషారుగా. నేను అరిచిన అరుపుకు పక్కింటామె తలుపు తీసుకుని వచ్చింది. "దిగొద్దు! ఒక్కడు గూడ దిగొద్దు! బండ అట్లనే ఉంచి దూరం జరగండి. నేను వస్తున్న" అన్నాను. అతను నవ్వి, "ఖాళీదే ఉన్నట్టుంది మేడం, పాములు గీములు లేవు" అన్నాడు. పాముల సంగతి కాదు బాబూ అని చెప్పబోయి మానేసి, ఫోన్ పెట్టేసి ఆటో పిలిచాను. దారి పొడుగునా కాలువ నీళ్ళు, రెండు పక్కలా పచ్చటి వరి. నా చిన్నప్పుడు ఈ దారిలో జొన్న చేలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. జొన్నగట్క, అంటే జొన్నరవ్వ సంకటి, పేదవాళ్ళ తిండి, వరి అన్నం పండుగ తిండి. ఇప్పుడు షుగరొచ్చిన మా తమ్ముడికి డాక్టరు రాసిచ్చి మరీ జొన్నరొట్టె తినిపిస్తున్నాడు. ఆటో కుదుపులకు మోకాళ్ళు నిజంగానే నొప్పి పెట్టాయి.

పాతరంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. నీరు నిలవని ఎత్తు జాగా చూసి, గట్టి మొరం నేలలో మనిషి నిలువున్నర లోతున తవ్విన గొయ్యి అది. మూతి ఒక మనిషి దూరేంత, లోపల పొట్ట కుండలాగా వెడల్పు. గోడలకు మట్టి మెత్తి, లోపల మంటవేసి కాల్చి, చుట్టూ గడ్డి పేర్చి, నడుమ జొన్నలు పోసేవాళ్ళు. పైన మళ్ళీ గడ్డి, మట్టి, దాని మీద బండ, బండ చుట్టూ పేడతో మందంగా అలుకు. ఒకసారి మూశాక దాని మీద మేం అచ్చనగాయలాడేవాళ్ళం, బర్రెలను కట్టేసేవాళ్ళు. ఏడాది తిండి కాళ్ళ కింద ఉందని కొత్తవాళ్ళకు తెలిసే వీలే లేదు. తెరిచిన రోజు మాత్రం దాచడానికి కుదరదు. పులిసిన, వెచ్చటి, ముక్కు మండించే వాసన ఇల్లంతా కమ్ముకుని రెండు మూడు రోజులు బట్టలను వదిలేది కాదు. నడుమనున్న జొన్నలు తెల్లగా, గట్టిగా ఉండేవి, అవి ఇంట్లోకి. గోడవారన గడ్డికి ఆనుకున్నవి నల్లబడి కంపు కొట్టేవి, అవి పనివాళ్ళకు. ఈ పంపకం తప్పని ఎవరూ అనేవాళ్ళు కారు. నాకూ ఆ వయసులో అనిపించలేదు.

పాతరకు ఒక కట్టుబాటు ఉండేది. తెరిచిన రోజే లోపలికి దిగకూడదు. ఏడాదిగా మూసిపెట్టిన గాలి చెడిపోయి ఉంటుంది. మూత తీసి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేసి, మర్నాడు వెలుగుతున్న కందీలును, అదే లాంతరును, తాడుకు కట్టి అడుగుదాకా దించాలి. అక్కడ కూడా వెలుగుతుంటే దిగవచ్చు. ఆరిందా, ఆగాలి. దిగేవాడు పరగడుపున దిగాలి, నీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదు. ఇదంతా ఎవరు కనిపెట్టారో తెలియదు గాని, చదువు రాని ముసలివాళ్ళు కూడా దీన్ని వేళ్ళ మీద చెప్పేవాళ్ళు.

మా ఇంట్లో కందీళ్ళ పని నాది. రెండుండేవి. పొద్దుగూకక ముందే గాజు చిమ్నీలను బూడిద పెట్టి తుడిచి, వత్తి కొస కత్తిరించి, గ్యాసునూనె పోసి పెట్టాలి. ఒక్క చుక్క కింద పడకుండా పోస్తానని నాకు గొప్ప. బాపమ్మ, అంటే మా బాపు తల్లి, ఎవరు ఇంటికొచ్చినా "మా పిల్ల సేత చిమ్నీ తుడిపిచ్చుకుంటె అద్దం అవసరం లేదు" అనేది. తాత ఊరికి పోలీసు పటేలు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగి, మీసాలు తువాలుతో తుడుచుకున్నాక గాని ఊళ్ళో ఏ పంచాయితీ మొదలయ్యేది కాదు. ఆయన అన్నదే మాట. ఒకసారి సోమవారాన్ని మంగళవారమన్నాడు. బాపమ్మ ఆయన్ను సరిదిద్దలేక ఆ రోజే మంగళవారం ఉపవాసం ఉండిపోయింది. దాన్ని తలుచుకుని మా అమ్మా నేనూ వంటింట్లో పడి పడి నవ్వేవాళ్ళం. ఆయన ముందర నవ్వడానికి మాత్రం ఎవరికీ గుండెలు లేవు.

సాయిలు మా పొలంలో పనిచేసే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పాతర మూతిలోంచి దూరడానికి సరిపోయే భుజాలు కావడం వల్ల, ఊళ్ళో ఎవరింట్లో పాతర తెరిచినా ఆయన్నే పిలిచేవాళ్ళు. మాట తక్కువ. నా కాలిలో తుమ్మముల్లు విరిగితే నొప్పి తెలియకుండా తీసేవాడు, తీశాక ఆ ముల్లును నాకు చూపించి "గింతదానికేనా బిడ్డా" అనేవాడు. నేను చెప్పబోయే ఏడు ఆయన పెళ్ళాం కడుపుతో ఉంది. తొలిచూలు.

ఆ ఏడు వానలు మిరుగం కార్తె కంటే ముందే దిగాయి. ఇంట్లో గింజలు అడుగంటి, పోయిన పంటకు సగం కూడా నిండని పాతరను తెరవక తప్పలేదు. సాయిలు తెల్లవారకముందే వచ్చి, నేను ముఖం కడుక్కునేసరికి అలుకు పగలగొట్టి, ఇద్దరు మనుషులతో బండ లేపాడు. బాపమ్మ గట్క తెచ్చిపెడితే "దిగినంక తింట పటేలమ్మా, ఎట్లైన రేపే గద" అని వాకిట్లోనే ఏదో పని చూసుకుంటూ ఉండిపోయాడు. మధ్యాహ్నానికి పడమట మబ్బు నల్లగా లేచింది. బండ మళ్ళీ మూసినా కొత్త అలుకు ఆరకపోతే సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి. నీళ్ళు దిగితే జొన్నలన్నీ మురిగిపోతాయి. తాత రెండుసార్లు అరుగు దిగి మబ్బు చూశాడు. మూడోసారి దిగినప్పుడు "సాయిలూ, దిగురా" అన్నాడు.

"పొద్దుగాలనే తీస్తిమి పటేలా. రేపటిదాక ఆగాలె గదా" అన్నాడు సాయిలు.

"రేపటిదాక వాన ఆగుతదా? నీళ్ళు జొచ్చినంక నువ్వు, నేను, ఊరు ఏం తింటరు? కందీలు దించి సూడు ఫో."

నేనే కందీలు వెలిగించి తెచ్చిచ్చాను. సాయిలు తాడుకు కట్టి మెల్లగా దించాడు. నేను మూతి పక్కన వంగి చూస్తున్నాను. సగం లోతుకు పోయాక మంట నీలంగా చిన్నదై, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. సాయిలు తాడు లాగి, ఒక అడుగు వెనక్కి జరిగి, "ఆరింది పటేలా" అన్నాడు. తాత కందీలును చేతిలోకి తీసుకున్నాడు. చిమ్నీ ఉన్న కందీలు గాలికి ఆరదు, అది అందరికీ తెలుసు. అందుకని గాలి అనలేదు. "నూనె లేక ఆరింది" అన్నాడు.

సాయిలు నా వైపు తిరిగాడు. "బిడ్డా, కందీల్ల గ్యాసునూనె పోసినవా?" అని అడిగాడు. తాతను కాదనలేడు కాబట్టి నన్ను అడిగాడు. ఆ పొద్దున్నే మెడదాకా పోశాను. తాత కూడా నా వైపే చూస్తున్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా చూస్తున్నాడు. "పొయ్యలే, మర్సిపోయిన" అన్నాను.

మళ్ళీ నూనె పోసి, ముట్టించి, దించి చూద్దామని ఎవరైనా అనాలి. ఒక ఉరుము ఉరిమింది. "ఇగ నూనె పోసుకుంట కూసుంటె అయినట్టే" అన్నాడు తాత. సాయిలు తువాలు తలకు చుట్టుకుని, చేతులు రెండు పక్కలా ఆనించి, మూతిలోంచి జారాడు. "గంప దించుండ్రి" అని లోపల్నుంచి ఒక కేక వినిపించింది. గంప దించారు. తాడు అట్లాగే వదులుగా వేలాడింది. పిలిచారు, మళ్ళీ పిలిచారు. పైనున్న ఇద్దరిలో ఒకడు దిగబోయి, నడుందాకా దిగి, తల తిరిగి పైకి వచ్చేశాడు. చివరికి బావిలో పడ్డ బొక్కెనలను తీసే పాతాళగరిగె తెచ్చి, దానికి బట్టలు తగిలించి సాయిలును పైకి లాగారు. వాకిట్లో పడుకోబెట్టేసరికి వాన మొదలైంది. అందరూ ఆయన చుట్టూ ఉండటంతో మూతి మూసే ధ్యాస ఎవరికీ లేదు. ఆ రాత్రంతా వాన నీళ్ళు పాతరలో నిండాయి. జొన్నలూ దక్కలేదు.

ఊళ్ళో చావు జరిగితే కాగితం రాసేది పోలీసు పటేలే. పొద్దున్నే కల్లు తాగొచ్చి, వద్దన్నా వినక దిగి, తల తిరిగి పడ్డాడని మా తాత రాశాడు. వచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. కల్లు తాగని మనిషి ఊళ్ళో ఎంతమంది? నమ్మకపోవడానికి ఏముంది? తెల్లవారకముందు నుంచి మా వాకిట్లోనే, మా కళ్ళ ముందే, ఖాళీ కడుపుతో ఉన్నాడని తెలిసినవాళ్ళం మా ఇంట్లోవాళ్ళం, ఆ ఇద్దరు పనివాళ్ళు. వాళ్ళు మా జీతగాళ్ళు. మర్నాడు బాపమ్మ కందీలు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, నూనెంతా సీసాలోకి వంచేసింది. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. కందీలు పట్టుకుంటే చాలు, నూనె ఉందో లేదో చేతికి తెలుస్తుంది. నిన్న తాత కూడా పట్టుకున్నాడు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా, తాత పరువు" అంది బాపమ్మ. నేను చెప్పలేదు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ వయసు పిల్లకు ఏం తెలుస్తుందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తెలుసు. ఏ మాటంటే తాతకు కావాలో తెలిసినప్పుడు, నూనె పోశానో లేదో తెలియదా? తర్వాత ఎన్నో రాశాను, నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి, చిన్నతనం గురించి అడిగిన ప్రతివాళ్ళకూ బాపమ్మ చేతి వంటలు, మా తాత మంగళవారం చెప్పి నవ్వించాను. ఈ ఒక్కటి రాయలేదు. తాత పోయాడు, బాపమ్మ పోయింది, ఆ ఇద్దరు పనివాళ్ళూ పోయారు. ఇంకెవరి పరువు కాపాడుతున్నానో నాకే తెలియదు. నాదేనేమో.

ఆటో దిగేసరికి పిల్లలు చెప్పినట్టే దూరంగా నిలబడి ఉన్నారు. ఇల్లు తెల్లగా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే మేమున్నప్పుడు కూడా అంత అందంగా లేదు. అరుగులు అద్దాల్లా ఉన్నాయి, దర్వాజాకు నూనె పట్టించారు, గోడ పక్కన తాత పేరు పెద్ద అక్షరాలతో ఉన్న బోర్డు ఇంకా పాతకుండా ఆనించి ఉంది. పశువుల కొట్టం ఉన్నచోట కార్లు ఆపడానికి జాగా చేశారు. ఒక ముసలామె వంగి వాకిలి ఊడుస్తోంది. నర్సవ్వ. సాయిలు కూతురు. తండ్రి పోయాక రెండు నెలలకు పుట్టింది. మా ఊళ్ళోనే ఇచ్చారు, ఇక్కడే ముసలిదైంది. ఈ పిల్లలు ఆమెను ఊడ్చే పనికి పెట్టుకున్నారని నాకు తెలియదు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, "మంచిగున్నవా అమ్మా? గిన్నేండ్లకు యాదికొస్తిమా?" అంది.

పాతర నోరు తెరుచుకుని ఉంది. వాసన ఏమీ లేదు, ఒట్టి పాత మట్టి వాసన. రేపటిదాకా ఎవరూ దిగొద్దని, దిగేముందు దీపం దించి చూడమని ప్రవీణ్‌కు చెప్పాను. అతను బుద్ధిగా తలూపి, తన ఆలోచన చెప్పాడు. మూతి మీద మందపాటి గాజు పలక వేస్తారట, లోపల బల్బు పెడతారట, స్కూలు పిల్లలు పైనుంచి వంగి చూస్తారట. బోర్డు మీద నాలుగు మాటలు నన్నే రాసివ్వమన్నాడు. "ఏడాదంత ఊరికి అన్నం పెట్టిన పాతర అని మొదలుపెడదామా మేడం?" అన్నాడు.

"సాయిలు అనే మనిషి ఇందులో దిగి చచ్చిపోయిండు. అది రాయాలె" అన్నాను.

"అయ్యో. ఎట్ల మేడం?"

నేను నోరు తెరిచేలోపు నర్సవ్వ అందుకుంది. "మా బాపే సారూ గాయన. కల్లు తాగొచ్చి దిగిండట, కండ్లు తిరిగి పడ్డడు" అంది. ఎంతోమందికి ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాట. బాధ కూడా లేదు ఆ గొంతులో. మేము రాసిచ్చిన అబద్ధాన్ని ఆమె అరవై ఏళ్ళకు పైగా తన నోటితో మోస్తోంది. ఆ క్షణం నేను తట్టుకోలేకపోయాను.

"తాగలేదు నర్సవ్వా" అన్నాను. అక్కడే, ఆ పిల్లల ముందరే, మొత్తం చెప్పాను. మబ్బు, కందీలు, తాత మాట, నా మాట, కాగితం మీద రాసింది, బాపమ్మ వంచేసిన నూనె. ప్రవీణ్ తల దించుకుని నిలబడ్డాడు. నర్సవ్వ లేపిన బండ మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను.

తల్లిని తలుచుకుని "మా అవ్వ సచ్చేదాక తిట్టింది ఆయన్ను" అంది. "కడుపుల బిడ్డను పెట్టి తాగి సచ్చిండని. ఏడ్వనుగూడ ఏడ్వలే."

"నన్నుగూడ తిట్టు నర్సవ్వా" అన్నాను.

ఆమె చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "నేను పుట్టకముందే పాయె. మొకమెరుగ. అందరు చెప్పిన్రు గదా కల్లంటె పాణమని. గందుకే పెత్తరమాసకు పెద్దలకు పెట్టేనాడు మా బాపుకు ఏటేటా మోదుగు దొప్పల కల్లు పోసి పెడుతుంటి. ఇంకేం పెట్టకపోతుంటి" అంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. "వారం దినాలల్ల మళ్ల పెత్తరమాస. మరి గాయనకు ఏం ఇష్టముండె అమ్మా? నువ్వన్న సూసినవు గదా. ఈసారి ఏం పెట్టాలె?"

ఆలోచించాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పోయేదాకా రోజూ చూసిన మనిషి. ఆయనకు తిండి కొట్టం వెనక పెట్టేవాళ్ళు. అటువైపు పోవద్దని మాకు చెప్పేవాళ్ళు, మేము పోయేవాళ్ళం కాదు. ఆయన ఏం తినేవాడో, ఏది కడుపునిండా తినేవాడో, ఏది చూస్తే ముఖం వెలిగేదో ఎంత వెతికినా దొరకలేదు. ఏదో ఒకటి చెప్పేద్దామని కూడా అనిపించింది. మామిడిపండు అంటే నమ్మేది. బెల్లం అన్నా నమ్మేది.

"నాకు తెల్వది నర్సవ్వా" అన్నాను.